ఇంట్లో మిగిలిన ఒక్క భయం

“లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపల కరెంటు పోయి, నీ ఫోన్లో సిగ్నల్ కూడా లేకపోతే ఏం చేస్తావే?” అని భ్రమరాంబ గారు ఒక సోమవారం ఉదయం ఎనిమిదింపావుకి పైకి అన్నారు, మూడు నెలల తర్వాత ఆ మాట కూతురి నవలలో నాలుగో అధ్యాయంగా అచ్చయింది, అచ్చయిన రోజు నుంచి ఆ భయం భ్రమరాంబ గారికి లేదు, పుస్తకం కొన్నవాళ్ళకి ఉంది.

ఇందులో ఎవరూ వింతపడలేదు. కుర్చీ అమ్మేశాక దాని మీద మళ్ళీ కూర్చుంటామంటే ఎలా కుదురుతుంది, అన్నారు ప్రచురణ సంస్థ వారు. కుర్చీని ఒక్కరే కొనుక్కోగలరు, భయాన్ని ఎంతమందైనా కొనుక్కోవచ్చు, తేడా అంతే. పుస్తకం మొదటి పేజీలో, ధర కింద చిన్న అక్షరాలతో ఈ సంగతి వేశారు కూడా.

భ్రమరాంబ గారు పెనుగొండలో ఏడో తరగతి దాకా చదువుకుని, పెళ్ళయ్యాక తణుకులో కాపురం ఉన్న మనిషి. భర్త కోదండం గారు బస్సు కండక్టరుగా చేస్తూ ఎనిమిదేళ్ళ కిందట డ్యూటీలోనే పోయారు. అప్పటి నుంచి హైదరాబాదు నిజాంపేటలో, ఐదో అంతస్తులో, కూతురి దగ్గర ఉంటున్నారు. చదువు తక్కువైనా ఆవిడ భయాలకు ఏ లోటూ ఉండేది కాదు. పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే వాణ్ణి గుద్దిన లారీ రంగు కూడా చెప్పగలిగేవారు. కూతురికి తుమ్ము వస్తే ఆస్పత్రిలో ఎన్నో నంబరు మంచం ఇస్తారో ఆవిడకి తెలుసు. ప్రతి భయానికీ ఒక చోటు, ఒక టైము, చివర్లో ఒక అయ్యో ఉండేవి.

కూతురు హిమజకి ముప్ఫై ఐదేళ్ళు. రాయదుర్గంలో ఒక పెద్ద కంపెనీలో సీనియర్ మేనేజరు. ఉద్యోగులు ఎంత సంతోషంగా ఉన్నారో మూడు నెలలకోసారి గీతలు గీసి పైవాళ్ళకి చూపించడం ఆమె పని. పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా నవలలు రాసేది. జనం బస్సుల్లో చదువుకునే రకం నవలలు. ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే సిగ్గు కాబట్టి పుస్తకాన్ని లాప్‌టాప్ సంచిలో అడుగున పెట్టేది. సాహిత్య సభలకు వెళ్ళినప్పుడు ఉద్యోగం సంగతి తెలిస్తే సిగ్గు కాబట్టి మెడలోని ఐడీ కార్డు తీసి అదే సంచిలో అడుగున పెట్టేది. రెండూ అక్కడ ఒకదాని మీద ఒకటి ఉండేవి.

మొదటి నవల కశ్మీరులో జరిగే ప్రేమకథ. కశ్మీరు చూడకుండా, పూర్తిగా ఊహ మీద రాసింది. ఆ ప్రతులు మంచం కింద అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. వాటికి చెదలు పట్టి, చెదలు మంచానికెక్కి, మంచం కూలి కూతురి నడుం విరుగుతుందని భ్రమరాంబ గారు ఒకరోజు వంటింట్లోంచి అన్నారు. హిమజ ఆ మాటని కరెంటు బిల్లు వెనక రాసుకుంది. ఎందుకు రాసుకుందో అప్పుడు ఆమెకి తెలీదు. వారం తిరిగేసరికి బిల్లు వెనక ఖాళీ లేదు.

రెండో నవలలో నలభై అధ్యాయాలు, అధ్యాయానికొక భయం. ప్రతి భయానికీ ‘భయం బదిలీ పత్రం’ ఒకటి నింపాలి. భయం ఏమిటి, ఎవరి గురించి, మొదట ఎప్పుడు కలిగింది, దడ ఎంతసేపు ఉంటుంది, ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా, అని ఐదు గడులు. కింద సొంతదారు సంతకం, సాక్షి సంతకం. ఎదురు ఫ్లాటు సుగుణ సాక్షి. భ్రమరాంబ గారు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, అక్షరం అక్షరం దగ్గర ఆగి, నాలుక కొన పంటి కింద పెట్టుకుని రాసేవారు. తన సంతకానికి ఎక్కడైనా విలువ ఉండటం ఆవిడకి అదే మొదటిసారి.

“అచ్చవుతాయంటావా ఇవన్నీ?” అని అడిగారు.

“అవుతాయమ్మా.”

“నా పేరు వెయ్యకే. నలుగురూ నవ్వుతారు.”

“వెయ్యం,” అంది హిమజ. ఆ విషయం ఒప్పందంలో ముందే ఉంది.

పుస్తకం ప్రచారమంతా సంస్థలో అన్వేష్ అనే అతను చూశాడు. ‘మీ వాళ్ళ గురించి భయపడే తీరిక మీకు లేదా?’ అని ఒకే ఒక్క వాక్యం అచ్చు వేయించి కంపెనీల క్యాంటీన్లలో అంటించాడు. తీరిక లేనివాళ్ళు చాలామందే ఉన్నట్టు తేలింది. క్యాబ్‌లో కూర్చుని నాలుగో అధ్యాయం చదివిన ఒక ఇంజనీరు మధ్యలో ఆపి, ఆర్నెల్లుగా మాట్లాడని తండ్రికి ఫోను చేసి, “నాన్నా, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు బాగానే ఉందా?” అని అడిగాడు. తండ్రి తమది పెంకుటిల్లని గుర్తు చేశాడట. అయినా ఆ పెద్దాయన ఆ పూట ఆనందంగా భోంచేశాడని ఇంజనీరు రాసి పంపాడు. అన్వేష్ దాన్ని రెండో ముద్రణ వెనక అట్ట మీద వేయించాడు.

రెండో ముద్రణ తర్వాత హిమజని ఆఫీసులో హెచ్.ఆర్. నళిని పిలిపించింది. బల్ల మీద నవల ఉంది. పక్కన, ఉద్యోగులు రెండో వృత్తి చేపట్టరాదన్న నిబంధన ఉన్న కాగితం ఉంది. హిమజ రెండింటినీ చూసి తల దించుకుంది.

“ఇందులో మీ ఊహ ఎంత శాతం?” అని నళిని అడిగింది.

హిమజ కాసేపు లెక్క వేసుకుంది. “పేర్లు మార్చాను,” అంది.

“అది కాకుండా?”

“ఏమీ లేదు.”

“అయితే ఇది రచన కాదు, సేకరణ. సేకరణకి మన దగ్గర అడ్డేమీ లేదు,” అని నళిని ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేసింది. తర్వాత కొంచెం ముందుకి వంగి, ఇంటి దగ్గరున్న మనిషి గురించి మూడు నెలలుగా ఒక్కసారైనా భయపడని ఉద్యోగులు తమ కంపెనీలో సగానికి పైగా ఉన్నారనీ, ఆ గీత గీసింది హిమజేననీ గుర్తు చేసింది. నవల మూడువేల ఎనిమిదివందల ప్రతులు కావాలంది.

ఆ నెల నుంచి కంపెనీలో రోజూ మూడున్నర నుంచి మూడుముప్పావు దాకా భయం వేళ పెట్టారు. ఉద్యోగులు సీట్లో కూర్చుని ఒక అధ్యాయం చదివి, దడ మొదలవగానే ఇంటికి ఫోను చేసేవారు. మూడుముప్పావుకి గంట కొట్టగానే దడ ఆపుకుని మళ్ళీ పనిలో పడేవారు. ఒక్కటే ఫిర్యాదు వచ్చింది. అన్నదమ్ములిద్దరూ, మరిదీ, ఒకే రోజు ఒకే నిమిషంలో ఫోను చేసి “గీజరు ఆపావా?” అని అడుగుతున్నారని ఒక గృహిణి రాసింది. ఇకపై ఒకే కుటుంబం వారికి వేర్వేరు అధ్యాయాలు కేటాయిస్తామని జవాబు ఇచ్చారు.

ఇంట్లో మాత్రం అంతా హాయిగా ఉంది. నలభై భయాలు ఖాళీ అయ్యాక భ్రమరాంబ గారికి ఏళ్ళ తరబడి లేని నిద్ర పట్టింది. బీపీ చూసిన డాక్టరు మిషను చెడిపోయిందనుకుని ఇంకో మిషను తెప్పించాడు. “ఏం చేస్తున్నారమ్మా?” అంటే, “మా అమ్మాయి రాసుకుంటోందండీ,” అన్నారు ఆవిడ. రాసుకునే మందేదో కొత్తగా వచ్చిందేమోనని డాక్టరు ఫోన్లో వెతికాడు.

నాలుగో అంతస్తులో గ్యాసు లీకైన రోజున తేడా తెలిసింది. మెట్ల మీద వాసన కమ్ముకుంది. అందరూ పిల్లల్ని చంకన వేసుకుని, తడిగుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిందికి పరిగెత్తారు. సుగుణ తలుపు బాదింది. భ్రమరాంబ గారు చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

“పిన్నిగారూ! గ్యాసండీ, గ్యాసు! లేవండి!”

“అది పన్నెండో అధ్యాయంలో ఇచ్చేశాం కదమ్మా.”

“తెలుసండీ, సంతకం నేనే పెట్టాను. అయినా ఊరికే లేచి రావచ్చు కదా! పక్కింట్లో పసిపిల్ల ఉందా లేదా అనైనా అడగరా?”

భ్రమరాంబ గారు లేచి వెళ్ళారు. సుగుణ కోసం వెళ్ళారు. కింద పార్కింగులో అందరూ గుమిగూడి ఆయాసపడుతుంటే, చేతిలో చిక్కుడుకాయతో నిలబడ్డారు. “పెద్దావిడ కదలలేక ఆగిపోయిందనుకున్నాం. కూర తరుక్కుంటోందట!” అని ఎవరో అన్నారు. ఇంకెవరో, “ఆడదానికి ఆమాత్రం గుండె దడ లేకపోతే ఎలాగండీ,” అన్నారు. ఆవిడకి భయాలన్నీ పోయినా సిగ్గు పోలేదు. దానికి పత్రం ఇంకా అచ్చు కాలేదు.

మర్నాటి నుంచి ఆవిడ సాయంత్రం ఆరింటికి బాల్కనీలో నిలబడటం మొదలుపెట్టారు. అలా నిలబడినప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకునేవారో గుర్తు తెచ్చుకుని గడ్డం కింద పెట్టుకున్నారు. మెడ సాచి రోడ్డు వైపు చూశారు. సుగుణ బట్టలు తీయడానికి వచ్చినప్పుడు, “మా అమ్మాయి ఇంకా రాలేదమ్మా,” అని గట్టిగానే అన్నారు.

“పిన్నిగారూ, ఇవాళ ఆదివారం. హిమజ లోపల తల దువ్వుకుంటోంది.”

“అలాగా,” అని ఆవిడ చెయ్యి దింపేసి లోపలికి వచ్చేశారు. ఆ రాత్రి కంచం కడుగుతూ, “నేను మంచిదాన్నేనా?” అని ఒకసారి కూతుర్ని అడిగారు. కుళాయి శబ్దంలో హిమజ వినలేదు, లేదా విననట్టు ఉంది.

పోయిన భయాల్ని తిరిగి తెచ్చుకోవచ్చేమోనని ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నవల తెరిచారు. వేలు వాక్యం కింద పెట్టి, కూడబలుక్కుంటూ ఆరు పేజీలు చదివారు. అమ్మినవాళ్ళకి మళ్ళీ పనిచేయదని నిబంధనల్లో ఉంది గానీ ఆవిడ అంతదాకా చదవలేదు. పుస్తకం మూసి, “ఎవరోగానీ పాపం, పిచ్చి తల్లి. ఇంత భయమైతే ఎలా బతుకుతుందే?” అన్నారు. వంటింట్లో హిమజ కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగి, తుడిచి, ఇంకోసారి కడిగింది.

మూడో నవలకి ముప్ఫై తొమ్మిది అధ్యాయాలు ఎలాగో కుదిరాయి. అడుగూబొడుగూ భయాలు, పిల్లి అడ్డం రావడం, తాళం చెవి మురిక్కాలవలో పడటం లాంటివి, అన్నీ వాడేశారు. ఆఖరి అధ్యాయానికి మాత్రం ఏమీ లేదు. హిమజ సముద్రంలో తుఫాను ఒకటి ఊహించి రాసి పంపింది. అన్వేష్ ఫోను చేశాడు.

“మేడం, బాగుంది గానీ ఇది ఊహలా ఉంది.”

“ఊహే.”

“అదే చెప్తున్నానండీ. ఆంటీ దగ్గర పెద్దది ఒకటి ఉండే ఉంటుంది. మా సర్వేలో పాఠకులంతా అడుగుతున్నారు, ఈ తల్లి అసలు భయం ఏంటని. ఎవరికీ చెప్పనిది ఉంటుంది చూడండి, అది.”

“లేదు. అన్నీ అయిపోయాయి,” అంది హిమజ. ఆమె నిజమే చెబుతున్నాననుకుంది.

నిజానికి ఒకటుంది. అది భయమని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, తలుపు గడియలాగా ఎప్పుడూ అక్కడే ఉండటం వల్ల. రోజూ ఉదయం హిమజ చెప్పులేసుకుని “అమ్మా, వెళ్తున్నా” అనేది. పొయ్యి మీద ఏమున్నా వదిలేసి భ్రమరాంబ గారు గుమ్మం దాకా వచ్చి, “వెళ్ళొస్తాననవే,” అనేవారు. హిమజ విసుక్కుని “వెళ్ళొస్తా” అనేది. అప్పుడే లిఫ్టు మీట నొక్కేది. మిగతా భయాలన్నీ పోయాక కూడా ఇది జరుగుతూనే ఉంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హిమజ ఎక్కిన క్యాబ్ డివైడరుని గుద్దింది. నుదుటికి కట్టు, ఎడమ మోచేతికి ఐదు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి వాళ్ళు ఇంటికి ఫోను చేశారు. రోడ్డు ప్రమాదం మొదటి అధ్యాయంలోనూ, ఆస్పత్రి పందొమ్మిదో అధ్యాయంలోనూ అయిపోయాయి కాబట్టి భ్రమరాంబ గారు, “అలాగా. సాయంత్రానికి వస్తుందా? వంకాయలు తరుగుతున్నాను,” అన్నారు. ఫోను చేసిన నర్సు, తప్పు నంబరేమోనని మళ్ళీ సరిచూసుకుంది.

సరిగ్గా అప్పుడే మూడున్నరయింది. ఆఫీసులో సంగతి తెలిసినట్టుంది, మంచం మీదున్న హిమజకి వరసగా పదకొండు ఫోన్లు వచ్చాయి. టీములో కుర్రాళ్ళు, కొత్తగా చేరిన అమ్మాయి, చివరికి నళిని. “ఆ డ్రైవరు సరిగ్గా నిద్రపోయాడా? వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూశావా? ముందు సీట్లో కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?” పదకొండుసార్లూ అవే మాటలు. అక్కడక్కడ గొంతులు నిజంగానే వణికాయి. తల్లి మాటలు పదకొండు గొంతుల్లో విని, హిమజ “సరే, సరే” అని అందరికీ జవాబిచ్చింది. మూడుముప్పావుకి ఫోన్లు ఆగిపోయాయి.

సాయంత్రం భ్రమరాంబ గారు తలుపు తీసి కట్టుని చూశారు.

“నుదుటికేంటే?”

“దెబ్బ.”

“ఓహో. కాళ్ళు కడుక్కో, కూర చల్లారిపోతోంది.”

హిమజ చెప్పులతోనే సోఫాలో కూర్చుంది. “అమ్మా, నీకు భయం వెయ్యలేదా?”

“వెయ్యలేదమ్మా,” అని ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడ్డారు. “ఫోను పెట్టేశాక, వస్తుందేమోనని కుర్చీ వేసుక్కూర్చుని చూశాను. గంటసేపు చూశాను. రాలేదు. ఏడుద్దామన్నా రాలేదే. దేవుడి ముందుకి కూడా వెళ్ళలేకపోయాను, మొహం చెల్లక.”

తల్లిని ఏమైనా అనే హక్కు ఉన్న మనిషి ఆ గదిలో లేదు.

“నన్ను రాతిమనిషి అనుకోకే. ఒకటుంది. అది నేనెవ్వరికీ ఇవ్వలేదు.”

“వద్దు. చెప్పకు,” అంది హిమజ.

అంది గానీ లేచి వెళ్ళలేదు. తనకి ఇంకా తల్లి గుండె ఉందని కూతురికి చూపించుకోవాలని భ్రమరాంబ గారు అప్పటికే మొదలుపెట్టేశారు.

“మీ నాన్న ఆఖరి రోజు ఆరింటి డ్యూటీకి బయల్దేరారు. ‘ఏమేవ్, వెళ్తున్నా’ అని గుమ్మంలోంచి కేకేశారు. నా చేతులు రెండూ ఇడ్లీ పిండిలో ఉన్నాయి. వెళ్ళొస్తాననండి, అనాలి. రోజూ అనేదాన్నే. ఆ రోజు, సాయంత్రం వచ్చాక చెబుదాంలే, ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే, అనుకున్నాను. సాయంత్రం అంటే ఇంకెక్కడి సాయంత్రమే? మధ్యాహ్నానికే బస్సులో...” చాలా నెలల తర్వాత ఆవిడ చేతులు వణికాయి. ఆవిడ వాటిని కళ్ళ ముందుకి ఎత్తి పట్టుకుని, “చూడు, చూడు,” అని పిల్లకి బొమ్మ చూపించినట్టు చూపించారు. “నువ్వు వెళ్తున్నా అన్న ప్రతిసారీ నాకు అదే. ఇదొక్కటీ ఉందే నాకు.”

హిమజ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఎడమ మోచేతికి కుట్లు పడ్డాయి. కుడిచెయ్యి బాగానే ఉంది.

పత్రం పదకొండు రోజులు ఆమె లాప్‌టాప్ సంచిలో, అడుగున, ఐడీ కార్డు కింద ఉంది. ‘ఎవరి గురించి’ అన్న గడిలో ఆమె తన పేరే రాసింది. ‘ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా’ అన్న చోట ‘కూతురికి మాత్రమే’ అని రాసింది. సంతకం గడి ఖాళీగా ఉంచింది. ఈ పదకొండు రోజుల్లో తుఫాను అధ్యాయాన్ని నాలుగుసార్లు తిరగరాసింది. నాలుగుసార్లూ అన్వేష్ “ఊహలా ఉంది మేడం” అన్నాడు. నళిని కూడా ఒకసారి లిఫ్టు దగ్గర ఆగి, పుస్తకం వేళకి రాకపోతే మూడువేల ఎనిమిదివందల మంది మూడున్నరకి ఏం చేయాలో తనకి తోచడం లేదంది.

పన్నెండో రోజు సాయంత్రం. అన్వేష్ పళ్ళు తీసుకుని ఇంటికి వచ్చాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచాడు.

“ఆంటీ, అది చాలా విలువైన భయం ఆంటీ. మీ ఒక్కరి దగ్గర ఉండిపోతే ఎవరికి ఉపయోగం చెప్పండి?”

భ్రమరాంబ గారు కూతురి వైపు చూశారు. చెప్పింది ఎవరో ఆవిడకి అప్పుడు అర్థమైంది. హిమజ నేల మీద గచ్చు పలకలు కలిసిన గీతను చూస్తోంది.

“ఇది ఇస్తే నీ పని అయిపోతుందా?”

“అయిపోతుంది,” అంది హిమజ గీతతో.

“మళ్ళీ అడగరుగా బాబూ?”

“అడగడానికి ఇంకేం ఉండదు ఆంటీ,” అన్నాడు అన్వేష్.

సాక్షి సంతకానికి సుగుణని పిలిచారు. ఆమె పత్రం మొత్తం చదివి, కలం బల్ల మీద పెట్టేసింది. “ఇంతకుముందు పెట్టినవాటికే నాకు మా ఇంట్లో తలెత్తుకోవడం అవ్వట్లేదు పిన్నిగారూ. ఇది నావల్ల కాదు,” అని వెళ్ళిపోయింది. నిబంధనల ప్రకారం ప్రచారం చూసేవాళ్ళు కూడా సాక్షిగా ఉండవచ్చు. అన్వేష్ పెట్టాడు. భ్రమరాంబ గారు ఎప్పటిలాగే పూర్తి పేరు రాశారు, నాలుక కొన పంటి కింద పెట్టుకుని. చివరి అక్షరం దగ్గర కాసేపు ఆగి, “చేతి రాత బాగాలేదు, పరవాలేదా?” అని అడిగారు. పరవాలేదన్నారు.

మూడో నవల అంతకుముందు రెండిటికన్నా బాగా వెళ్ళింది. రెండు అనేది కశ్మీరు నవలని కూడా లెక్కలో కలిపితేనే, అని అన్వేష్ నవ్వుతూ అన్నాడు. హిమజ రెండు పనులనీ కంపెనీ ఒకే హోదా కిందికి తెచ్చింది. ఇప్పుడు పుస్తకాన్ని దాచుకునే అవసరం లేదు, ఐడీ కార్డునీ దాచుకునే అవసరం లేదు. అయినా ఆమె రెండింటినీ సంచి అడుగునే పెట్టేది. ఆఖరి అధ్యాయం ఎలా పుట్టింది, అని ఒక సభలో ఎవరో అడిగితే, మైకు పట్టుకుని, “ఊహ,” అంది. చప్పట్లు కొట్టారు.

ఆఫీసులో సాయంత్రం ఆరింటికి ఇప్పుడు ఎవరూ ఊరికే వెళ్ళిపోవడం లేదు. సంచి భుజాన వేసుకున్న ప్రతి మనిషీ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, “వెళ్ళొస్తా” అంటున్నారు. తెలుగు రానివాళ్ళకి ఆ మాట వాళ్ళ వాళ్ళ లిపుల్లో రాసి ఇచ్చారు. జవాబు చెప్పేవాళ్ళు లేక కొందరు గుమ్మంలోనే ఉండిపోతున్నారని తెలిసి, అంతస్తుకి ఒకర్ని “వెళ్ళి రండి” అనడానికి నియమించారు. ఒకరోజు హిమజ పని తొందరలో ఏమీ అనకుండా దాటిపోబోతే సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“మేడం, అనలేదు మీరు.”

“ఏంటి?”

“వెళ్ళొస్తాననాలి. వెనక్కొచ్చి అనండి మేడం. ఏవన్నా అయితే? నాకు గుండె ఆగిపోద్ది.”

అతని చేతులు వణుకుతున్నాయి. హిమజకి ఆ వణుకు తెలుసు. ఆమె వెనక్కి వెళ్ళి అంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింపావుకి ఆమె ఇంట్లో చెప్పులేసుకుంది. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆగేదాకా నిలబడింది.

“అమ్మా, వెళ్తున్నా.”

గిన్నెలోకి పచ్చడి తీస్తున్న గరిటె చప్పుడు వినిపిస్తోంది. హిమజ గుమ్మంలోంచి కదల్లేదు. లిఫ్టు ఐదో అంతస్తుకి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, కాసేపు ఉండి మూసుకున్నాయి, దిగిపోయింది. ఎదురు ఫ్లాటు తలుపు సందులోంచి సుగుణ ఒకసారి చూసి, తల వెనక్కి లాక్కుంది.

“అమ్మా,” అంది మళ్ళీ, కొంచెం గట్టిగా. “వెళ్తున్నాను.”

గరిటె ఆగింది. కుళాయి తిప్పిన శబ్దం, కట్టేసిన శబ్దం. భ్రమరాంబ గారు చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, కూతురు ఇంకా అక్కడే ఎందుకు నిలబడి ఉందో అర్థం కానట్టు ఆమెనీ, ఆమె చెప్పుల్నీ, మళ్ళీ ఆమె మొహాన్నీ చూశారు. ఏదో అనవలసింది ఉందని ఆవిడకి తోచినట్టే ఉంది. పెదవులు కదిలాయి. ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు కోసం చూసినట్టు చుట్టూ చూశారు. లిఫ్టు మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ దిగిపోయింది. హిమజ వాచీ చూసుకోలేదు.

చాలాసేపటికి ఆవిడ మొహం తేటపడింది. కూతురు దేని కోసం ఆగిందో దొరికినట్టు తల ఊపి, నిశ్చింతగా, నవ్వు మొహంతో అన్నారు:

“సరే, వెళ్ళు.”